పసిరికల లోకంలో రికార్డులు

సిద్దిపేట నుంచి సికింద్రాబాద్‌ జూబ్లీ బస్‌స్టేషన్‌ దాకా రాజీవ్‌ రహదారి మీద సుమారు వంద కిలోమీటర్లు. ప్రజ్ఞాపూర్‌, ములుగు దాటి శామీర్‌పేట వైపు పోతుంటే తుర్కపల్లి దగ్గర జీనోమ్‌ వ్యాలీ తగులుతుంది. చదువులకో కొలువులకో రోజూ ఆ దారిన పోయేవాళ్లలో చాలామందికి అది మందుల కంపెనీలున్న చోటు, అంతే. ప్రపంచంలో రోజుకు 3,500 మందిని పొట్టన పెట్టుకుంటున్న జబ్బుకు చవకగా టీకా తయారుచేసే చోట్లలో అదొకటి. ఆ జబ్బు వైరల్‌ హెపటైటిస్‌. మన ఇళ్లలో అది బయటపడేది పసిరికలుగా, కామెర్లుగా.

ఈ జబ్బు చుట్టూ వింతలు, విశేషాలు, రికార్డులు బోలెడు పోగుపడ్డాయి. వాటిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేవి ధర తగ్గించిన రికార్డులు. అవి తెలుగునేల మీదే నమోదయ్యాయి. వాటి విలువ తెలియాలంటే ముందు శత్రువు సంగతి కాస్త తెలియాలి.

అతి చిన్నది

కాలేయానికి వాపు తెచ్చే వైరస్‌లు ముఖ్యంగా అయిదు: ఎ, బి, సి, డి, ఇ. ఎ, ఇ రెండూ కలుషితమైన నీళ్లతో, తిండితో వస్తాయి. బి, సి, డి రక్తంతో, ఇతర శరీర ద్రవాలతో అంటుకుంటాయి.

జన్యువు కొలత చూస్తే మనిషికి జబ్బు చేసే వైరస్‌లలో అన్నిటికన్నా చిన్నది డి. దాని జన్యువు మొత్తం రాస్తే 1,700 అక్షరాలు. కోవిడ్‌ వైరస్‌ది 30,000 అక్షరాలకు దగ్గర. 1977లో ఇటలీలో మారియో రిజెట్టో దీన్ని గుర్తించాడు. సొంతంగా పై పొర కూడా తయారుచేసుకోలేని వైరస్‌ ఇది. పక్కవాడి చొక్కా తొడుక్కుని ఊరేగినట్టు, బి వైరస్‌ పొరను కప్పుకుని బయల్దేరుతుంది. అందుకే బి లేనివాళ్లను డి ఏమీ చేయలేదు. బి టీకా వేయించుకున్నవాళ్లకు డి బెడద కూడా తీరినట్టే.

బి కూడా చిన్నదే, 3,200 అక్షరాలు. కానీ అంటుకునే శక్తిలో హెచ్‌ఐవీ కన్నా 50 నుంచి 100 రెట్లు ఎక్కువ. శరీరం బయట, ఎండిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. క్షవరం కత్తి, పచ్చబొట్టు సూది, చెవులు కుట్టే సూది, ఒకరికి వాడి మళ్లీ ఇంకొకరికి వాడిన సిరంజి, ఏదైనా దానికి వాహనమే. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో వాడిన సిరంజిలనే మళ్లీ మళ్లీ వాడటం వల్ల హెపటైటిస్‌-బి చెలరేగి ప్రాణాలు తీసింది. ఒళ్లు నొప్పులన్నా, నీరసమన్నా ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి ‘ఒక సూది ఇయ్యి సారూ’ అని అడిగి వేయించుకునే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది. కొత్త సిరంజిని కవరు చింపి కళ్లముందు బయటికి తీశారా లేదా అని చూసుకోవడం ఎవరికైనా హక్కే.

అతి పాతది

2021లో శాస్త్రవేత్తలు పాత అస్థిపంజరాల పళ్లూ ఎముకలూ శోధించి 137 బి వైరస్‌ల జన్యువులను వెలికితీశారు. వాటిలో అన్నిటికన్నా పాతది దాదాపు 10,500 ఏళ్ల నాటిది. అంటే మనిషి ఇంకా వేటాడి, ఏరుకుని తింటున్న రోజుల్లోనే ఈ వైరస్‌ అతని కాలేయంలో ఉంది.

అంత పాత శత్రువు మన కంటికి చిక్కింది మాత్రం నిన్నమొన్న. 1960లలో అమెరికా వైద్యుడు బరూక్‌ బ్లూంబర్గ్‌ వెతుకుతున్నది అసలు కామెర్ల కోసం కాదు. రకరకాల జాతుల మనుషుల రక్తంలో తేడాలేమిటో పోల్చి చూస్తుంటే ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో కొత్త ప్రొటీన్‌ ఒకటి కనబడింది. ఆస్ట్రేలియా యాంటిజెన్‌ అని పిలిచారు. అది హెపటైటిస్‌-బి వైరస్‌ పై పొర అని తర్వాత తేలింది. 1976లో ఆయనకు నోబెల్‌ బహుమతి వచ్చింది. ఏటా జూలై 28న జరిపే ప్రపంచ హెపటైటిస్‌ దినం ఆయన పుట్టినరోజే. సి వైరస్‌ను పట్టుకోవడానికి 1989 దాకా పట్టింది. అందుకు హార్వీ ఆల్టర్‌, మైకేల్‌ హౌటన్‌, చార్లెస్‌ రైస్‌ 2020లో నోబెల్‌ అందుకున్నారు.

అన్నిటికన్నా తెగింపు

1980ల మొదట్లో అఫ్గానిస్తాన్‌లో ఉన్న సోవియట్‌ సైనికుల్లో కామెర్లు చెలరేగాయి. పరీక్షిస్తే ఎ కాదు, బి కాదు. మిఖాయిల్‌ బలయాన్‌ అనే శాస్త్రవేత్త రోగుల మలం నుంచి తీసిన ద్రవాన్ని తానే తాగాడు. కొన్ని వారాలకు ఆయనకు కామెర్లు వచ్చాయి. ఆయన మలంలో మైక్రోస్కోపు కింద కొత్త వైరస్‌ కనబడింది. 1983లో ఆ ఫలితం అచ్చయింది. ఇవాళ మనం హెపటైటిస్‌-ఇ అంటున్నది దాన్నే.

అతి పెద్ద విజృంభణలు

ఎ విషయంలో రికార్డు షాంఘైది. 1988 జనవరి నుంచి మార్చి లోపల సుమారు 3 లక్షల మందికి సోకింది. మురుగు కలిసిన నీళ్లలో పెరిగిన ఆల్చిప్పల మాంసాన్ని సరిగా ఉడకకుండా తినడమే కారణం.

బి విషయంలో రికార్డు నెలకొల్పింది ఒక టీకా కార్యక్రమమే కావడం విషాదం. 1942లో అమెరికా సైనికులకు ఎల్లో ఫీవర్‌ టీకా వేశారు. దాని తయారీలో కలిపిన మానవ రక్తద్రవంలో బి వైరస్‌ ఉంది. దాదాపు 50,000 మంది కామెర్లతో ఆస్పత్రి పాలయ్యారు. మొత్తం 3,30,000 మందికి సోకి ఉంటుందని తర్వాత అంచనా వేశారు. నిజానికి ఈ ప్రమాదం గురించిన హెచ్చరిక అరవై ఏళ్ల ముందే వచ్చింది. 1883లో జర్మనీలోని బ్రెమెన్‌ ఓడల కర్మాగారంలో మనిషి శరీరం నుంచి తీసిన మశూచి టీకా రసం వేయించుకున్న 1,289 మంది కార్మికుల్లో 191 మందికి కామెర్లు వచ్చాయని అక్కడి వైద్యుడు లూర్మన్‌ రాసిపెట్టాడు.

ఇ విషయంలో చరిత్రకెక్కింది మన ఢిల్లీ. 1955లో యమున దారి మళ్లి, నజఫ్‌గఢ్‌ కాలువ మురుగు నీళ్లు వజీరాబాద్‌లో నగరానికి నీళ్లు తోడే చోటికి ఎదురెక్కాయి. అధికారులు మేల్కొని క్లోరిన్‌ మోతాదు పెంచారు. టైఫాయిడ్‌, కలరా లాంటివి పెరగలేదు. కామెర్లు మాత్రం వారాలు గడిచాక ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. 29,300 మందికి పైకి కనబడేలా సోకింది. ఇ వైరస్‌తో పెద్ద చిక్కు గర్భిణులకు. చివరి మూడు నెలల్లో సోకితే వారిలో నూటికి 20 నుంచి 25 మంది ప్రాణాలు పోవచ్చు. ఈ ఒక్క మాట కోసమైనా నీళ్ల సంగతిని పట్టించుకోవాలి.

మన దగ్గరా ఇది జరిగింది. 2005లో హైదరాబాద్‌ పాతబస్తీలో హెపటైటిస్‌-ఇ 1,600 మందికి పైగా సోకింది. పరిశోధకులు వీధి వీధీ తిరిగి లెక్కతీస్తే, మురుగు కాలువలను దాటుకుంటూ పోయే పైపుల నుంచి నీళ్లందే ఇళ్లలోనే జబ్బు ఎక్కువగా తేలింది. పగిలిన పైపు, దాని పక్కన తెరిచి ఉన్న నాలా, గంటసేపు వచ్చి ఆగిపోయే నల్లా. నీళ్లు ఆగిపోయినప్పుడు పైపు చుట్టూ ఉన్న మురుగును లోపలికి పీల్చుకుంటుంది. మర్నాడు నల్లా విప్పితే బిందెలోకి వచ్చేది అదే.

సిద్దిపేట పేరు ఇక్కడ చెప్పుకోవాలి. ఈ ప్రాంతానికి నీళ్ల కరువు కొత్త కాదు. 1990లలో సిద్దిపేట ఎమ్మెల్యేగా కేసీఆర్‌ దిగువ మానేరు నుంచి నీళ్లు తెచ్చి ఊళ్లకు పైపుల ద్వారా ఇచ్చే పథకం నడిపించారు. తెలంగాణ వచ్చాక మిషన్‌ భగీరథకు నమూనాగా చెప్పుకున్నది ఆ పథకాన్నే. 2016 ఆగస్టు 7న ప్రధాని మోదీ భగీరథను ప్రారంభించింది కూడా ఇప్పటి సిద్దిపేట జిల్లాలోనే, గజ్వేల్‌ దగ్గరి కోమటిబండలో. శుద్ధి చేసిన నీళ్లు ఇంటింటికీ నల్లాలో రావడం హెపటైటిస్‌-ఎ, ఇ లకు పడగల పెద్ద దెబ్బ. పైపు పగిలినచోట వెంటనే అతకడం, ట్యాంకును వేళకు కడగడం కూడా అందులో భాగమే. వానాకాలం మొదట్లో నల్లా నీళ్లు రంగు మారితే మరిగించి తాగితే చాలు, ఈ వైరస్‌లు చస్తాయి.

ఇ కి టీకా కూడా ఉంది. చైనాలో 2011లో అనుమతి పొందింది. చెలరేగుతున్న జబ్బును ఆపడానికి మొదటిసారి వాడింది 2022లో, దక్షిణ సూడాన్‌లోని బెంటియు శిబిరంలో.

మొదటి జన్యు టీకా, మొదటి చవక టీకా

జన్యు ఇంజనీరింగ్‌తో మనుషుల కోసం చేసిన మొట్టమొదటి టీకా హెపటైటిస్‌-బిదే. 1986లో అమెరికాలో వచ్చింది. కాలేయ క్యాన్సర్‌కు పెద్ద కారణాల్లో బి ఒకటి కాబట్టి, ఒక క్యాన్సర్‌ను ఆపిన తొలి టీకాగా కూడా దీన్ని లెక్కిస్తారు. దాని ధర మాత్రం మన దేశంలో మధ్యతరగతికి కూడా అందేది కాదు. దిగుమతి డోసు ఒక్కటే వందల రూపాయలు. ఇంట్లో నలుగురుంటే, తలా మూడు డోసులంటే, నెల జీతం చాలదు.

ఇక్కడ కె.ఐ. వరప్రసాద్‌రెడ్డి కథ మొదలవుతుంది. నెల్లూరు జిల్లాలో పుట్టారు. చదివింది ఎలక్ట్రానిక్స్‌. రక్షణ పరిశోధన సంస్థలో పనిచేసి, బ్యాటరీల వ్యాపారం చేసి బయటికి వచ్చిన మనిషికి టీకాలతో సంబంధమే లేదు. 1992లో జెనీవాలో ఒక సదస్సుకు వెళ్లి హెపటైటిస్‌-బి గురించి విన్నారు. భారత్‌లో ఇంతమందికి ఉన్న జబ్బుకు భారత్‌లో టీకా లేదని తెలిసింది. సాంకేతికత ఇమ్మని విదేశీ కంపెనీని అడిగితే చులకనగా మాట్లాడి పంపారని ఆయన బహిరంగంగా చాలాసార్లు చెప్పారు. ఆ అవమానం ఆయనలో పట్టుదలగా మారింది. 1993లో తల్లి శాంతమ్మ పేరు మీద హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్‌ పెట్టారు.

అప్పులిచ్చేవాళ్లు లేరు. ఎలక్ట్రానిక్స్‌ మనిషి టీకా చేస్తానంటే బ్యాంకులు నమ్మలేదు. ఒమన్‌ విదేశాంగ మంత్రి యూసుఫ్‌ బిన్‌ అలావీ పెట్టుబడి పెట్టారు. పరిశోధన మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తర్వాత జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో జరిగింది. వాళ్లు ఎంచుకున్న పని మనిషి పికియా అనే ఈస్ట్‌. మిథనాల్‌ తిని బతకగల సూక్ష్మజీవి ఇది. దానిలోకి బి వైరస్‌ పై పొర తయారుచేసే జన్యువును ఎక్కిస్తే, పెద్ద పాత్రల్లో పెరుగుతూ ఆ పొరనే కుప్పలుగా తయారుచేస్తుంది. అసలు వైరస్‌ ఎక్కడా ఉండదు కాబట్టి ఆ టీకాతో జబ్బు వచ్చే ప్రశ్నే లేదు.

1997 ఆగస్టులో శాన్వాక్‌-బి బజారులోకి వచ్చింది. దేశంలో తయారైన మొదటి జన్యు టీకా అదే. డోసు ధర 50 రూపాయలు. పోటీకి విదేశీ కంపెనీలు కూడా ధర దించక తప్పలేదు. కొద్దికాలానికే జీనోమ్‌ వ్యాలీలో భారత్‌ బయోటెక్‌ తన రెవాక్‌-బితో రంగంలోకి దిగింది. 1953 నాటి బయలాజికల్‌-ఇ కంపెనీ కూడా బి టీకా, దాన్ని కలిపి అయిదు జబ్బులను ఆపే ‘అయిదింటి టీకా’ తయారుచేస్తూ వచ్చింది. ఒకే నగరం చుట్టుపక్కల మూడు కంపెనీలు ఒకే టీకా మీద పోటీ పడ్డాయి. యునిసెఫ్‌ లాంటి సంస్థలు పేద దేశాల పిల్లలకు కొని పంచగలిగే ధరకు టీకా దిగి రావడంలో ఈ పోటీ పాత్ర చాలా పెద్దది. 2005లో వరప్రసాద్‌రెడ్డికి పద్మభూషణ్‌ వచ్చింది. 2009లో శాంతా ఫ్రాన్స్‌ కంపెనీ సనోఫీ చేతికి వెళ్లింది. చిన్నచూపు చూసిన పడమటి లోకమే పెద్ద ధర పెట్టి కొనుక్కుంది. ఈ మాట రాసేటప్పుడు నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

దేశంలో ప్రభుత్వ కార్యక్రమంలోకి ఈ టీకా 2002లో కొన్ని జిల్లాల్లో, నగరాల్లో ప్రయోగంగా వచ్చి, 2011 తర్వాత దేశమంతటికీ చేరింది.

అతి విలువైన 24 గంటలు

బి వైరస్‌ సోకిన పెద్దవాళ్లలో నూటికి 95 మంది దాన్ని ఒంట్లోంచి తామే తరిమేస్తారు. పుట్టుకతో తల్లి నుంచి సోకిన బిడ్డల్లో నూటికి 90 మందిలో అది జన్మంతా ఉండిపోతుంది. లెక్క పూర్తిగా తలకిందులు. అందుకే బిడ్డ పుట్టిన 24 గంటల లోపు ఒక డోసు వేయాలంటారు. ఎడమ తొడ ముందు భాగంలో, కాస్త బయటి వైపు, అర మిల్లీలీటరు. అంతే. ఆ తర్వాత 6, 10, 14 వారాలకు వేసే అయిదింటి టీకాలో బి కూడా ఉంటుంది.

ఆ సీసాను దగ్గరి నుంచి చూడాలి. పాలపొడి కలిపినట్టు తెల్లగా ఉండే మందు. సీసా మీద ఒక గుండ్రని గుర్తు, దాని లోపల చిన్న చతురస్రం. చతురస్రం చుట్టూ ఉన్న వలయం కన్నా లేత రంగులో ఉన్నంత కాలం టీకా మంచిది. వేడి తగిలిన కొద్దీ అది ముదురుతుంది. రెండూ ఒకే రంగుకు వస్తే సీసాను పక్కన పెట్టాల్సిందే. వేడి కన్నా చలి ఇంకా ప్రమాదం. ఈ టీకా గడ్డకడితే పనికిరాదు. అనుమానం వస్తే నర్సులు చేసే పరీక్ష ఒకటుంది. కావాలని గడ్డకట్టించి కరిగించిన సీసాను, అనుమానపు సీసాను కలిపి ఊపి బల్ల మీద నిలబెడతారు. గడ్డకట్టినదాంట్లో పొరలు పొరలుగా మడ్డి గబగబా అడుగుకు దిగుతుంది. ఏ యంత్రమూ అక్కర్లేని పరీక్ష ఇది.

24 గంటల డోసు అందాలంటే కాన్పు దవాఖానలో జరగాలి. 2017లో వచ్చిన కేసీఆర్‌ కిట్‌ పథకం తర్వాత సర్కారు దవాఖానల్లో కాన్పులు పెరగడం ఈ రకంగా కూడా మేలు చేసింది. సిద్దిపేటలో 2018లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. కాన్పు కోసం హైదరాబాద్‌ పరిగెత్తాల్సిన అవసరం తగ్గింది.

అతి ఖరీదైన మాత్ర

సి వైరస్‌కు టీకా ఇప్పటికీ లేదు. కానీ మందులతో పూర్తిగా నయమవుతుంది. దీర్ఘకాలం ఒంట్లో ఉండిపోయే వైరస్‌ను మాత్రలతో వేళ్లతో సహా పెకిలించగలిగిన మొదటి సందర్భం ఇదే. 2013 డిసెంబరులో అమెరికాలో సోఫోస్బువిర్‌ అనుమతి పొందింది. రోజుకొక మాత్ర, 12 వారాలు, 84 మాత్రలు. ధర 84,000 డాలర్లు. మాత్రకు వెయ్యి డాలర్లు! అప్పటి లెక్కలో మొత్తం 50 లక్షల రూపాయలు దాటుతుంది.

హైదరాబాద్‌ నాట్కో ఫార్మా భారత్‌లో ఆ మందు పేటెంట్‌ దరఖాస్తును సవాలు చేసింది. 2015 జనవరిలో పేటెంట్‌ కార్యాలయం ఆ దరఖాస్తును తిరస్కరించింది. అప్పటికే ఆ మందు సొంతదారైన గిలియడ్‌ కంపెనీ హెటెరో సహా కొన్ని భారతీయ కంపెనీలకు లైసెన్సులిచ్చి ఉంది. మార్చిలో నాట్కో కూడా లైసెన్సు తీసుకుని హెప్సినాట్‌ పేరుతో మందు తెచ్చింది. 28 మాత్రల సీసా 19,900 రూపాయలు. మూడు సీసాలకు 60 వేల లోపు. 50 లక్షలకు, 60 వేలకు మధ్య ఉన్న ఆ దూరంలో ఎన్ని ఇళ్లు పొలాలు అమ్ముకోకుండా బయటపడ్డాయో! ఇప్పుడు 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో ఈ చికిత్స ఉచితం.

అతి పెద్ద జల్లెడ

సి వ్యాధిలో ఒకప్పుడు ప్రపంచంలోనే ముందున్న దేశం ఈజిప్టు. చెరువుల్లో, కాలువల్లో వచ్చే నత్తగుల్లల జబ్బుకు దశాబ్దాల పాటు ఊరూరా వేసిన సూదులే, శుభ్రం చేయని సూదులే, అందుకు కారణం. ఆ దేశం 2018 అక్టోబరు నుంచి ఏడు నెలల్లో 4 కోట్ల 96 లక్షల మందిని పరీక్షించింది. సోకినవాళ్లకు ఉచితంగా మందులిచ్చింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ దేశానికి స్వర్ణ స్థాయి గుర్తింపునిచ్చింది. ఆ గుర్తింపు పొందిన మొదటి దేశం అదే.

నేల ఉసిరి పరీక్ష

పసిరికలంటే పసరు గుర్తుకొస్తుంది. ఫలానా ఊళ్లో మందు పోస్తారట, ఫలానా చోట మణికట్టు మీద చురక పెడతారట అని వారం పది రోజులు తిరిగే కుటుంబాలు సిద్దిపేట చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ల నమ్మకం ఊరికే పుట్టలేదు. ఎ, ఇ రకాలు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గుతాయి. తగ్గిన పేరు పసరుకు దక్కుతుంది. బి, సి రకాల్లో పచ్చదనం పోయినా వైరస్‌ పోకపోవచ్చు. అది ఇరవై, ముప్ఫై ఏళ్లు చప్పుడు చేయకుండా కాలేయాన్ని గట్టిపరుస్తుంది.

నేల ఉసిరిని శాస్త్రం కొట్టిపారేయలేదు, పరీక్షించింది. మద్రాసు విశ్వవిద్యాలయంలో త్యాగరాజన్‌ బృందం బి వైరస్‌ ఉన్న 37 మందికి నెల రోజులు నేల ఉసిరి పొడి ఇచ్చింది. 22 మంది రక్తంలో వైరస్‌ గుర్తు కనబడలేదు. 1988లో లాన్సెట్‌లో అచ్చయిన ఆ పత్రం రచయితల్లో బ్లూంబర్గ్‌ కూడా ఉన్నారు. ప్రపంచమంతా ఆశగా చూసింది. తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. మొక్క మీద గౌరవం ఉన్నవాళ్లే పరీక్ష చేశారు, పరీక్ష చెప్పిన మాటనూ ఒప్పుకున్నారు. ఈ జబ్బు చరిత్రలో నాకు బాగా నచ్చిన ఘట్టాల్లో ఇదొకటి.

మనం రెండో స్థానంలో

2022 లెక్కల ప్రకారం ప్రపంచంలో 25 కోట్ల 40 లక్షల మంది బి తో, 5 కోట్ల మంది సి తో ఉన్నారు. ఆ ఏడాది చనిపోయినవాళ్లు 13 లక్షలు. రెండూ కలిపి చూస్తే చైనా తర్వాత ఎక్కువమంది ఉన్నది మన దేశంలోనే: బి తో 2 కోట్ల 98 లక్షలు, సి తో 55 లక్షలు. ఇంతకన్నా బాధ కలిగించే సంఖ్య ఇంకొకటుంది. ప్రపంచం మొత్తం మీద బి ఉన్నవాళ్లలో తమకు ఉందని తెలిసినవాళ్లు నూటికి 13 మంది, మందు వాడుతున్నవాళ్లు ముగ్గురు.

అమితాబ్‌ బచ్చన్‌కు 1982లో ‘కూలీ’ షూటింగులో దెబ్బ తగిలినప్పుడు ఎక్కించిన రక్తంతో బి వచ్చింది. ఆ సంగతి ఆయనకు తెలిసేసరికి ఏళ్లు గడిచిపోయాయి. కాలేయంలో నాలుగింట మూడు వంతులు దెబ్బతిన్నాయని ఆయనే చెప్పారు. మిగిలిన పావు వంతుతో, మందులతో, క్రమం తప్పని పరీక్షలతో ఎనభై దాటి పనిచేస్తున్నారు. దేశంలో అంత పేరున్న మనిషికే ఆలస్యంగా తెలిసిన జబ్బు ఇది.

పరీక్ష మాత్రం కష్టం కాదు. వేలి కొసన రక్తపు చుక్క, ఒక చిన్న కార్డు, పావుగంట. గర్భిణులకు ఈ పరీక్ష తప్పనిసరిగా చేయించాలి. టీకా కార్యక్రమంలోకి రాకముందు పుట్టినవాళ్లు, అంటే ఇవాళ్టి పెద్దలు చాలామంది, ఒక్క డోసు కూడా వేయించుకుని ఉండరు. పరీక్షలో లేదని తేలితే వాళ్లకు మూడు డోసులు: ఇవాళ ఒకటి, నెలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి. తల్లికి బి ఉందని తేలితే బిడ్డకు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్‌ సూదిని కూడా పుట్టిన తొలి గంటల్లోనే, రెండో తొడకు వేస్తారు. కాన్పు తేదీకి ముందే ఆ సూది దవాఖానలో సిద్ధంగా ఉండేలా డాక్టరుతో మాట్లాడి పెట్టుకోవాలి.